జాబితా దాచకు, ఫోన్ నంబర్లు ఇవ్వకు

చి. సుజాతకు మావయ్య ఆశీస్సులు.

నీకు బీఎల్‌వో పని, అంటే బూత్ పరిధిలో ఓటర్ల జాబితా చూసుకునే పని వేశారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "ఒకాయనొచ్చి జాబితా చూపించమంటాడు, ఇంకొకాయన ఫోన్ నంబర్లిమ్మంటాడు, ఎవరికేం ఇవ్వచ్చో తెలీక అందరికీ లేదనే చెప్పేస్తున్నా మావయ్యా" అని నువ్వు పెట్టిన మెసేజూ చూశాను. అందరికీ లేదనడం తేలికే, కానీ అందులో సగం తప్పు. ఎమ్మార్వో ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ ఎలక్షన్ సీటు నన్ను వదల్లేదు. అక్కడ నేను చూసిందేంటంటే, నలుగురికీ చూపించాల్సిన కాగితం బీరువాలో ఉంటుంది, బీరువాలో ఉండాల్సింది టీకొట్టు దాకా పోతుంది.

ముందు జాబితా సంగతి. ఓటర్ల జాబితా రహస్యం కాదు తల్లీ. 1960 నాటి ఓటర్ల నమోదు నిబంధనల ప్రకారం ముసాయిదా జాబితాలో ప్రతి భాగాన్నీ ఆ ప్రాంతం జనానికి అందుబాటులో ఉండే చోట పెట్టాలి. ఎవరైనా వచ్చి చూడొచ్చు, ఏ పార్టీ మనిషైనా, ఏ పార్టీకీ చెందని మనిషైనా. ఎందుకంటావా? ఫలానా పెద్దాయన పోయి మూడేళ్ళయిందని, ఫలానా వాళ్ళమ్మాయి పెళ్ళయి తణుకు వెళ్ళిపోయిందని ఊరికి తెలిసినట్టు ఆఫీసుకి తెలియదు. ఊరు చూస్తేనే తప్పులు బయటపడతాయి. అందుకే గోడకి అంటించి ఊరుకోకు, గ్రామసభలో చదివించు. మన గోదావరి లంకల్లో గోడ మీది కాగితం చదివేవాళ్ళు తక్కువ, సభలో పేరు వినపడకపోతే మాత్రం వెంటనే అడుగుతారు.

ఆ జాబితాలో ఉండేది పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, ఆడో మగో, ఎపిక్ నంబరు (ఓటరు కార్డు మీది నంబరు). అంతే. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో పెట్టే కాపీలో ఫొటోలుండవు. పైగా అది బొమ్మలా స్కాన్ చేసిన పీడీఎఫ్, అందులో పేరు టైపు చేసి వెతకడం కుదరదు. వెతకడానికి వీలైన కాపీ కావాలని సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు, 2018 అక్టోబరులో కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. కోట్లమంది వివరాలు ఒక్క మీట నొక్కి జల్లెడ పట్టే వీలిస్తే దుర్వినియోగం అవుతుందని సంఘం వాదన. మన యువకులెవరైనా "ఇదేం పీడీఎఫ్ మేడం, వెతకడానికి రావట్లేదు" అంటే ఇదే చెప్పు. ఎవరి పేరు వాళ్ళు చూసుకోవాలంటే ఎపిక్ నంబరుతో అదే సైట్లో దొరుకుతుంది.

జాబితా కంటే ముఖ్యమైనవి, ఎవరూ అడగనివి ఇంకో మూడు కాగితాలున్నాయి: ఫారం 9, 10, 11. కొత్తగా చేర్చమని ఎవరెవరు అడిగారు, ఎవరి పేరు మీద ఎవరు అభ్యంతరం పెట్టారు, ఎవరి వివరాలు మార్చమన్నారు అన్న పట్టికలవి. వీటిని నోటీసు బోర్డులో పెట్టాలి. పెట్టకపోతే ఏఈఆర్వోని, అదే మీ సహాయ ఓటర్ల నమోదు అధికారిని అడుగు, సిగ్గుపడకు. నీ ఊళ్ళో గొడవంటూ వస్తే ఆ ఫారం 10 దగ్గరే వస్తుంది.

ఎందుకో చెప్తాను. 2019 ఎన్నికల ముందు మన ఆంధ్రప్రదేశ్‌లో ఫారం 7లు, అంటే ఫలానా పేరు తీసేయమనే అభ్యంతరాలు, కుప్పలుగా వచ్చిపడ్డాయి, కేసులు కూడా పెట్టారు. మా టేబుల్ మీదకొచ్చిన కట్టలో ఒకే దస్తూరి, ఒకే నీలం సిరా, కారణం దగ్గర అన్నిట్లోనూ 'శాశ్వత వలస'. అభ్యంతరం పెట్టినట్టున్న రైతుని పిలిపిస్తే, "ఆయ్, నేనెప్పుడు సంతకం పెట్టానండీ? ఆళ్ళు మా పక్కింటోళ్ళే కదండీ, నిన్నే కలిసి కొబ్బరికాయ దింపించాం" అన్నాడు. తీసేయమన్న ఆ ఓటర్లు మా ముందు బెంచీ మీదే కూర్చున్నారు. అందుకని ఫారం 7 చేతికొస్తే మొదట అభ్యంతరం పెట్టినాయన దగ్గరికెళ్ళు, ఆ తర్వాతే ఓటరింటికి. అభ్యంతరం పెట్టే మనిషి పేరు అదే నియోజకవర్గం జాబితాలో ఉండాలి. అబద్ధపు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలు, 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 31వ సెక్షన్. ఆ మాట మెల్లిగా చెప్తే చాలు, సగం ఫారాలు వెనక్కి పోతాయి. ఓటరుకి నోటీసివ్వకుండా, ఆయన మాట వినకుండా పేరు తీయకూడదు. తీసేశాక కూడా ఈఆర్వో (ఓటర్ల నమోదు అధికారి) ఆర్డరు మీద పదిహేను రోజుల్లో కలెక్టరుకి అప్పీలు పెట్టుకోవచ్చు, అక్కడా కాకపోతే ముప్ఫై రోజుల్లో ముఖ్య ఎన్నికల అధికారికి. ఎవరి పేరు పోయినా ఈ గడువులు నువ్వే చెప్పు, వాళ్ళకెవరూ చెప్పరు.

తీసేసిన పేర్లు కూడా దాచేవి కావు. బీహారులో 2025లో ముసాయిదా నుంచి పోయిన సుమారు 65 లక్షల పేర్లనీ కారణాలతో సహా బయట పెట్టమని సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆదేశించింది. దాన్ని గుర్తుపెట్టుకో, ఎవరైనా ఆఫీసరు "తీసేసినవి చూపించక్కర్లేదమ్మా" అంటే పనికొస్తుంది.

వలస అనే మాట దగ్గర మన ప్రాంతంలో జాగ్రత్త. హైదరాబాదులో అపార్ట్‌మెంట్ కాపలాకి వెళ్ళి సంక్రాంతికొచ్చే మొగుడూపెళ్ళాల్ని ఇంటికి తాళం చూసి 'వలస' అని రాసేయకు. తాత్కాలికంగా లేనంత మాత్రాన ఓటు పోదు. అలాగని ఊళ్ళో డాబా ఉందని భీమవరంలో స్థిరపడ్డవాళ్ళకి ఓటు ఉంచనక్కర్లేదు, ఇల్లుంటే సరిపోదని చట్టంలోనే ఉంది. కువైట్, దుబాయ్ వెళ్ళిన ఆడవాళ్ళ సంగతి వేరు, విదేశాల్లో ఉన్నవాళ్ళు ఓటరుగా చేరడానికి ఫారం 6ఏ ఉంది. ఓటు వెయ్యాలంటే మాత్రం పాస్‌పోర్టు పట్టుకుని ఇక్కడికి రావాల్సిందే.

ఇక ఇవ్వకూడనివి. కొత్త ఓటుకి పెట్టే ఫారం 6లో ఫోన్ నంబరుంటుంది, ఆధార్ ఉంటుంది, పుట్టిన తేదీ కాగితం జతచేసి ఉంటుంది. జాబితా అందరిదీ అంటే ఆ ఫారం అందరిదీ అని కాదు. ఇంటింటికీ తిరిగి నువ్వు రాసుకున్న రిజిస్టరు కూడా అంతే. దాన్ని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పడేసేవాళ్ళని చూశాను, 'పని తేలికవుతుందని' అంటారు. సాయంత్రానికి అది రెండు పార్టీల వాళ్ళ దగ్గరా ఉంటుంది. మర్నాటి నుంచి ఆ ఇళ్ళకి లోన్ల ఫోన్లు, ఓటు ఫోన్లు, పెళ్ళికాని అమ్మాయిల నంబర్లకి ఇంకో రకం ఫోన్లు. కాగితం మీద ఆధార్ అంకెలు కనపడుతుంటే మూసేసి భద్రపరచాలి. ఆధార్ ఇవ్వడం తప్పనిసరి కాదని సంఘమే 2023లో సుప్రీంకోర్టుకి చెప్పింది, కాబట్టి "ఇవ్వకపోతే ఓటు తీసేస్తాం" అని నీ నోట రానివ్వకు.

"మనవాళ్ళే కదమ్మా, నంబర్లొక్కటీ ఇయ్యి, స్లిప్పులు మేమే పంచుతాం" అని వస్తారు. మీ నాన్న స్నేహితులే వస్తారు, కాఫీ ఇచ్చి పంపు. "జాబితా కావాలా, ఇదిగో చూసుకోండి. నంబర్లా, నా చేతిలో లేదు బాబాయ్" అను. ఈ పనిలో ఉన్నంతకాలం నువ్వు చట్టం ప్రకారం ఎన్నికల సంఘానికి డిప్యుటేషన్ మీదున్నట్టే లెక్క, సర్పంచికీ ఎమ్మెల్యేకీ కాదు. జాబితా పనిలో విధి తప్పితే మూడు నెలలకి తగ్గకుండా రెండేళ్ళ దాకా శిక్ష ఉంది. అది భయపెట్టడానికి రాయలేదు, కావాలంటే బాబాయ్ ముందు చదివి వినిపించు, ఆయన కూడా ఊరుకుంటాడు.

పోలింగ్ అయ్యాక ఇంకో రకం అడగడం మొదలవుతుంది. ఎవరొచ్చి ఓటేశారో టిక్కు పెట్టిన జాబితా, ఓటర్లు సంతకాలు పెట్టే 17ఏ రిజిస్టరు, ఈ రెండూ సీలు పడతాయి. 1961 ఎన్నికల నిర్వహణ రూల్స్‌లో 93వ రూలు ప్రకారం కోర్టు ఆర్డరు లేకుండా ఎవరూ విప్పకూడదు. కలెక్టరైనా సరే. బూత్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో రాసే 17సి అలాంటిది కాదు, దాని కాపీ పోలింగ్ ఏజెంట్లకి ప్రిసైడింగ్ ఆఫీసరే ఇవ్వాలి. ఈ తేడా తెలీక ఏజెంట్లు ఇవ్వాల్సినదాన్ని వదిలేసి ఇవ్వకూడనిదాని కోసం కొట్లాడుతుంటారు.

మిగతా కాగితాలన్నీ జనం చూడొచ్చని అదే రూల్లో ఉండేది. 2024 డిసెంబరులో దాన్ని 'ఈ నిబంధనల్లో పేర్కొన్న' కాగితాలకి కుదించారు, దాంతో సీసీ కెమెరా వీడియోలు జనం చూడగలిగే వాటిలో లేకుండా పోయాయి. గెలుపుని సవాలు చేస్తూ కోర్టులో ఎన్నికల పిటిషన్ లేకపోతే ఆ వీడియోలు ఫలితాలొచ్చాక 45 రోజులకి చెరిపెయ్యొచ్చని 2025 మే నెలలో ఆదేశాలొచ్చాయి. పిటిషన్ వేసే గడువూ 45 రోజులే. ఎవరొచ్చారో ఎవరు రాలేదో వీడియోలో చూసి ఊళ్ళో బెదిరిస్తారన్న భయం ఉత్తదేం కాదు, నాకు తెలుసు. కానీ 45 రోజులు మరీ తక్కువని నా అభిప్రాయం. మామూలు మనిషి లాయర్ని పట్టుకునేసరికే అవి అయిపోతాయి.

అసలు మన దగ్గర ఓటు గుట్టు ఎక్కడ పోతోందో తెలుసా? ఫారం 20లో. బూత్‌ల వారీగా ఏ అభ్యర్థికి ఎన్ని వచ్చాయో అందులో ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. పట్నంలో ఫరవాలేదు. లంక ఊళ్ళో ఒకే బూత్, అందులో ఒక పేట. అంకె చూడగానే పేట ఎటేసిందో చెప్పేస్తారు, ఆ తర్వాత ఆ పేట రోడ్డు సంగతి నీకు తెలిసిందే. బ్యాలెట్ కాగితాల కాలంలో సంఘం ఆదేశించిన చోట్ల బూత్‌ల ఓట్లు కలిపేసి లెక్కపెట్టేవాళ్ళు. మిషన్లకీ అలా కలిపి చూపే టోటలైజర్ పెట్టాలని సంఘం 2008లోనే అడిగింది, లా కమిషన్ 2015లో సరేనంది. ఇప్పటికీ రాలేదు. నీ చేతిలో ఉన్నదల్లా పేట జనంతో "ఎవరికేశారో నాకు చెప్పకండి" అనడం. ఎవరికేశావో చెప్పమని సాక్షిని కోర్టు కూడా బలవంతపెట్టదు. తులసికోట మీద చెయ్యేయించే పెద్దమనుషులకి ఏం హక్కుంటుంది?

సమాచార హక్కు దరఖాస్తులొస్తే నువ్వు తీసుకుని పైకి పంపు. మండలాఫీసులో ఐదు రూపాయలు, ముప్ఫై రోజుల్లో జవాబు.

చివరగా యానాం. ఎదుర్లంక వంతెన దాటితే వేరే ప్రభుత్వం, జాబితా పుదుచ్చేరిది. అటొకటి ఇటొకటి పేరున్నవాళ్ళు నీకు తగులుతారు. రెండు చోట్ల ఉండకూడదని చట్టం. అయినా నువ్వే కొట్టెయ్యకు, ఎక్కడ ఉంచుకుంటారో రాయించుకుని ఏఈఆర్వోకి పంపు.

అన్నట్టు, మీ అమ్మ ఓటు ఇంకా పాత ఇంటి నంబరు మీదే ఉందనుకుంటా. చూసి వివరాలు మార్చే ఫారం 8 పెట్టించు.

మీ మావయ్య