షుగర్ వచ్చిందని అన్నం మానేసిన మేనల్లుడికి

చిరంజీవి సుధాకర్‌కు అత్త ఆశీస్సులు.

మీ అమ్మ ఫోనులో ఒకటే ఏడుపు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 8.4 వచ్చిందట, నువ్వు అన్నం ముట్టడం లేదట, మూడు పూటలా సంగటేనట. ఈ షుగర్‌తో ఏళ్ల తరబడి వేగుతున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, విను.

ముందు ఆ సంగటి సంగతి. రాగులు మంచివే, కాదనను. కానీ మన కర్నూలు ఇళ్లలో సంగటి అంటే ఒట్టి రాగిపిండి కాదు, అందులో బియ్యమూ ఉడుకుతుంది. పైగా మెత్తగా గెలికిన ముద్ద. పళ్లతో పని లేకుండా ఊరుబిండిలో అద్దుకుని మింగేస్తాం. అంత మెత్తనిది తొందరగా అరిగి రక్తంలోకి చేరుతుంది. రాగులే కదా అని రెండు ముద్దలు లాగిస్తే గ్లూకోమీటరు ఊరుకోదు. పిడికిలంత ముద్ద ఒకటి చాలు. ముందు ఆకుకూర పప్పు, కూర తిను, ఆ తర్వాతే సంగటి. అన్నానికీ ఇదే లెక్క: మానెయ్యకు, సగం చెయ్యి. పూర్తిగా మానేసినవాడు నాలుగు రోజులకు ఆవురావురుమంటూ బిర్యానీ మీద పడతాడు. ఏది ఎంత పెంచుతుందో తెలియాలంటే తిన్న రెండు గంటలకు వేలు గుచ్చి చూసుకో. నీ ఒంటి సంగతి ఆ అంకెకు తెలిసినంతగా పక్కింటివాళ్లకు తెలియదు.

పొద్దున బొరుగుల ఉగ్గాని తేలిక టిఫిను అనుకునేవు. బొరుగులు తూకానికే తేలిక, షుగర్‌కు కాదు. బెల్లం ఓళిగలు కూడా చక్కెర కిందే లెక్క. పండగకు ఒకటి తింటే ఆ పూట అన్నం తగ్గించు.

షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ మొదట్లో కడుపులో తిప్పుతుంది, విరేచనాలు కూడా కావచ్చు. భోజనంతో వేసుకుంటే చాలామందికి కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే డాక్టరుకు చెప్పు, నీ అంతట నువ్వు ఆపకు. ఇక కాకర రసం, నేరేడు గింజల పొడి పట్టుకుని చుట్టాలు వరస కడతారు. ఇచ్చినవాళ్లకు దండం పెట్టు, మాత్రను మాత్రం వదలకు. మూడు నెలల తర్వాత అంకె దిగగానే షుగర్ పోయిందని మాత్రలు చెత్తబుట్టలో వేసే మహానుభావులున్నారు. అంకె దిగింది ఎందువల్లనో ఒక్క క్షణం ఆలోచించరు.

నీ మందుల చీటీలో గ్లిమిపిరైడ్ అనే మాత్ర ఉందేమో చూడు, అది షుగర్‌ను మరీ కిందికి దించేయగలదు. ఉంటే భోజనం దాటేయకూడదు. చేతులు వణికి, చెమటలు పట్టి, గుండె దడదడలాడితే షుగర్ పడిపోయిందని అనుమానించు. గ్లూకోమీటరులో 70 కంటే తక్కువుంటే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకో. అప్పుడు లడ్డూ పనికిరాదు, నెయ్యి వల్ల ఆలస్యమవుతుంది.

శివరాత్రికి నాగలూటి దారిన శ్రీశైలం నడిచి వెళ్తావు కదా. వెళ్లు, నడక మంచిదే. డాక్టరుకు ఒక మాట చెప్పి వెళ్లు, చెప్పుల్లేకుండా మాత్రం వద్దు. షుగర్ ముదిరితే పాదాలకు స్పర్శ తగ్గుతుంది, ముల్లు దిగినా తెలియదు, ఆ పుండు మానదు. చెప్పులేసుకున్నావని మల్లన్న కోప్పడడు. ఇప్పటినుంచే రోజూ రాత్రి కాళ్లు కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడిచి, అరికాలి కింద చిన్న అద్దం పెట్టి చూసుకో. ఎర్రగా కమిలినా, పొక్కు లేచినా బ్లేడుతో గీకకు, డాక్టరుకు చూపించు.

కళ్లు బాగానే కనిపిస్తున్నాయి కదా అని ఊరుకోకు. కంటి లోపలి పొర రెటీనా దెబ్బతింటున్నా మొదట్లో చూపు తగ్గదు. అందుకే షుగర్ బయటపడగానే ఒకసారి, ఆ తర్వాత ఏటా పరీక్ష చేయించాలి. కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియడానికి మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్షలు కూడా రాయమని డాక్టరును అడుగు. కంటి పరీక్షకు బండి మీద ఒక్కడివే వెళ్లకు. చుక్కల మందు వేస్తే కొన్ని గంటలు అంతా మసకే. మీ ఆవిడనో తమ్ముడినో వెంట తీసుకెళ్లు.

ఇట్లు,
మీ అత్త