లాగుతున్నది బండా, భయమా?

ప్రశ్న: అన్నా, సంక్రాంతి సెలవుల్లో స్నేహితులతో బైకుల మీద పూరీ, కోణార్క్ వెళ్లాను. తిరిగి వస్తూ పలాస దాటాక టీ కోసం సర్వీసు రోడ్డులోకి దిగితే, ఆరబోసిన ధాన్యం చుట్టూ పెట్టిన రాయి ముందు చక్రానికి తగిలి పడిపోయాను. కాలర్ బోన్ విరిగింది. ఎముక అతికింది, బండి నడపొచ్చని డాక్టరు చెప్పారు. కానీ పక్క నుంచి లారీ వెళ్తే ఒళ్లు బిగుసుకుపోతోంది. హ్యాండిల్ ఎడమకు లాగుతోంది. మెకానిక్‌ని అడిగితే 'అదంతా నీ భయం' అంటున్నాడు. అమ్మేమో బండి అమ్మేయమంటోంది. హెల్మెట్‌కు గీతలే పడ్డాయి, వాడొచ్చా? పాలసీలో 15 లక్షల ప్రమాద బీమా ఉంది, ఆసుపత్రి ఖర్చు వస్తుందా?
- ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: తమ్ముడూ, భయం ఎప్పుడూ ఎడమకే ఎందుకు లాగుతుంది? ముందు బండిని అనుమానించు. విరిగిన వైపు భుజం ఇంకా బిగుతుగా ఉంటే రెండో చేత్తోనే బలం పెడతాం, అప్పుడూ బండి ఒక పక్కకి పోతుంది. అందుకే ఖాళీ రోడ్డు మీద ఓ స్నేహితుడి చేత నెమ్మదిగా నడిపించి చూడు. వాడికీ లాగితే తప్పు బండిదే.

రాయి దెబ్బ తిన్నది ముందు చక్రం కాబట్టి రిమ్, ముందు చక్రాన్ని పట్టుకునే రెండు ఫోర్క్ రాడ్లు, ఆ రాడ్లను పైన బిగించే 'టీ' అనే క్లాంపు, హ్యాండిల్ తిరిగే చోట ఉండే కోన్ సెట్ బేరింగులు అన్నీ చూడాలి. సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం పైకి లేపించు. హ్యాండిల్‌ని మెల్లగా ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పు. మధ్యలో పట్టేసినట్టు ఆగిందంటే కోన్ సెట్ పోయింది. చక్రం తిప్పితే రిమ్ వంకర కంటికే కనిపిస్తుంది. ఫోర్క్ రాడ్లు మాత్రం బయటికి తీసి, చదునైన గాజు మీద దొర్లిస్తేనే తెలుస్తాయి. వంగిన రాడ్డును ప్రెస్సులో పెట్టి సరిచేస్తామంటారు, నేనైతే ఒప్పుకోను. కొత్తవి వేయించు. ఇవేవీ కాకపోతే చాసిస్, అంటే బండి ఫ్రేమ్ కూడా చూపించు.

పడినప్పుడు ఆ హెల్మెట్ నీ తల మీద ఉంటే పారెయ్. పైన గీతలే ఉన్నా, లోపలున్న థర్మోకోల్ లాంటి పొర ఒకసారి నలిగితే మళ్లీ దెబ్బ ఆపలేదు.

15 లక్షల బీమా యజమాని నడుపుతూ చనిపోతేనో, శాశ్వత వైకల్యం వస్తేనో ఇచ్చేది. అతికిన ఎముకకు రాదు. నీకు ఆరోగ్య బీమా వేరే ఉంటే దాన్ని అడుగు. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకంలో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల దాకా 1.5 లక్షల వరకు నగదు కట్టకుండా వైద్యం ఉంది. అది ఆసుపత్రిలో ఉన్నప్పుడే వాడుకోవాల్సింది. మీ స్నేహితులకు చెప్పి ఉంచు.

రైతును తిట్టుకోకు. మన జిల్లాల్లో కళ్లాలు లేనివాళ్లు ధాన్యం ఎక్కడ పోస్తారు? కానీ ధాన్యం ఎత్తేశాక రాళ్లు రోడ్డు మీదే వదిలేసి పోవడం మాత్రం నాకు ఒళ్లు మంట.

ఇక లారీల సంగతి. బండి సరయ్యే దాకా హైవే ఎక్కకు. తర్వాత తెల్లవారుజామున రాజాం రోడ్డులో కొంత దూరం వెళ్లి రా. అలవాటయ్యాక గరివిడి వైపు, పగటిపూట. లారీ దగ్గరకొస్తుంటే దాని చక్రాల వైపు చూడకు, దూరంగా రోడ్డు మీద చూపు పెట్టు. మోకాళ్లతో ట్యాంకు పట్టుకుని మోచేతులు వదులు చెయ్. చేతులు బిగిస్తే లారీ గాలి కొట్టే దెబ్బంతా హ్యాండిల్‌కే పోతుంది. నిద్రలోనూ ఆ పడటమే కనబడుతూ టెన్షన్ తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్, తెలుగులోనే మాట్లాడతారు.

అమ్మకు కోపం రాకుండా చెప్పు, ఇప్పుడే అమ్మేది లేదని. వంకర బండికి ధరా రాదు, కొన్నవాడికి ప్రాణానికీ మంచిది కాదు. బాగు చేయించాక కూడా మనసొప్పకపోతే అప్పుడు అమ్ము. పడిన సంగతీ, మార్చిన సామాన్లూ కొనేవాడికి ముందే చెప్పు.