మంచు పడే ఊళ్లో హూప్‌హౌస్: అనపకాయలు కాస్తాయా?

ఈ సంక్రాంతికి చిత్తూరు, తిరుపతి వచ్చిన మన పిల్లల్లో కొందరు అమెరికాలో మిషిగన్, ఒహాయో వైపు కొత్తగా ఇళ్లు కొనుక్కున్నారు. వాళ్లు నన్నడిగింది ఒకటే: "బాబాయ్, పెరట్లో హూప్‌హౌస్ వేస్తే ఏడాదంతా మన కూరగాయలు పండుతాయా?" హూప్‌హౌస్ అంటే వంచిన పైపుల మీద ప్లాస్టిక్ షీటు కప్పిన పందిరి. అందులో ఏడాదంతా పండవు. ఆ సంగతి ముందే తెలిస్తే డబ్బులు సరైన చోట పెడతారు.

కుప్పం, పలమనేరు వైపు పాలీహౌస్‌లు, షేడ్‌నెట్లు చూసి పెరిగినవాళ్లు అలా అనుకోవడం సహజమే. మన వైపు షీటు కప్పేది ఎక్కువగా వాన, ఎండ, పురుగు నుంచి పంటను కాపాడుకోవడానికి. మిషిగన్‌లో కప్పేది పగటి వేడిని పట్టుకోవడానికి. ఆ వేడి పొద్దుగూకితే నిలవదు. హీటరు లేని హూప్‌హౌస్‌లో తెల్లవారుజామున లోపలికీ బయటికీ తేడా చాలాసార్లు రెండు మూడు డిగ్రీలే. బయట మైనస్ 15 ఉన్న రాత్రి లోపల కరివేపాకు చెట్టు బతకదు. దాన్ని కుండీలో పెంచి చలికాలం ఇంట్లోకి తెచ్చుకోవాల్సిందే.

లాభమంతా సీజను మొదట్లోనూ చివర్లోనూ ఉంది. వసంతంలో కొన్ని వారాలు ముందుగా నాటుకోవచ్చు, మంచు మొదలయ్యాక ఇంకొన్ని వారాలు కోసుకోవచ్చు. చలికాలంలో స్పినాచ్, దాని పక్కన కొత్తిమీర నిలబడతాయి, మొక్కల మీద ఇంకో పలచటి గుడ్డ కప్పితే. అయితే డెట్రాయిట్ దగ్గర నవంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా పగలు పది గంటలకన్నా తక్కువ. ఆ రోజుల్లో ఆకు దాదాపు ఎదగదు. అందుకే ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో విత్తి, పగలు కురచయ్యే లోపు కోతకు సిద్ధం చేసుకోవాలి.

ఇక మనవాళ్లందరి ప్రాణం చిక్కుడు జాతి అనపకాయల మీదే. వాటి గింజలు నానబెట్టి, పొట్టు పితికి వండే పితికిపప్పు లేని చలికాలం మన జిల్లావాళ్లకు చలికాలమే కాదు. మన నాటు అనప పగలు తగ్గితేగాని పూత పట్టదు. మిషిగన్ వేసవిలో పగలు పదిహేను గంటలు, కాబట్టి తీగ ఏపుగా అల్లుకుంటుందేగాని పూయదు. సెప్టెంబరు చివర పూత మొదలయ్యేసరికి మంచు వచ్చి కాల్చేస్తుంది. హూప్‌హౌస్ నిజంగా అక్కరకొచ్చేది అక్కడే: ఆ చివరి నాలుగు వారాల్లో కాయ గింజ కట్టుకుంటుంది. ఇంకా నిశ్చింతగా ఉండాలంటే పగటి నిడివితో పని లేని హెబ్బాళ అవరె 3, 4 లాంటి బెంగళూరు రకాలు వెతుక్కోండి. విత్తనాలు మాత్రం చెప్పకుండా పెట్టెలో పెట్టుకుని పోవద్దు, పర్మిట్లూ సర్టిఫికెట్లూ ఉంటాయి. కరివేపాకు మొక్క తీసుకెళ్లే ఆలోచనే వద్దు, దాంతో నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు రావచ్చు.

ఏది కొనాలో తేల్చేది మంచు బరువు. తడిమంచు అడుగు మందాన పేరుకుంటే చదరపు అడుగుకు ఏడు నుంచి తొమ్మిది కిలోలు. 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున్న కప్పు మీద దాదాపు రెండు టన్నులు. పీవీసీ పైపులు వంచి కట్టినవి చవక, కానీ ఆ బరువుకు కూలిపోతాయి. పైగా పీవీసీ తగిలిన చోట షీటు తొందరగా చివుకుతుంది. జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపే తీసుకోండి. గుండ్రటి వంపు కాకుండా పైన కూసుగా ఉన్న గోథిక్ వంపు అయితే మంచు జారిపోతుంది. మంచు బాగా పడే ఊళ్లో వంపుకూ వంపుకూ నాలుగు అడుగులు మించొద్దు. గాలికి లేచిపోకుండా కాళ్లు భూమిలోకి కనీసం రెండు అడుగులు దిగాలి. ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే పొడవు తగ్గించుకోండి, పైపులో తగ్గించొద్దు.

షీటు 6 మిల్, అంటే సుమారు 150 మైక్రాన్లు, నాలుగేళ్లు ఎండకు తట్టుకునే యూవీ రకం. బిల్డింగు సామాన్ల కొట్లో దొరికే మామూలు ప్లాస్టిక్ ఏడాది తిరక్కముందే పీలికలవుతుంది. కప్పడానికి గాలి లేని వెచ్చటి ఉదయం చూసుకోండి. చలిలో బిగిస్తే ఎండాకాలం వదులై గాలికి కొట్టుకుంటుంది. షీటు అంచులో టెన్నిస్ బంతిని మూటలా చుట్టి, ఆ మూట మెడకు తాడు బిగించి, ఆ తాడు కొసను వంపుల మీదుగా అవతలికి విసరండి. ఐదారు అడుగులకొకటి అలా కట్టి నలుగురూ ఒక్కసారి లాగితే చిరగకుండా వచ్చేస్తుంది. తర్వాత మన పాలీహౌస్‌వాళ్లు వాడే జిగ్‌జాగ్ స్ప్రింగునే, ఫ్రేముకు బిగించిన గాడి పట్టాలో షీటు మీదుగా నొక్కుకుంటూ పోవడం.

పక్క గోడలు పైకి చుట్టుకునేట్టు ఉండాలి. ఇది లేనిది ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. ఏప్రిల్‌లో బయట పది డిగ్రీలే ఉన్నా, ఎండ కాస్తే మూసిన హూప్‌హౌస్ మధ్యాహ్నానికి 35 దాటుతుంది, టమోటా పూత రాలిపోతుంది. పొద్దున తెరవాలి, మూడు నాలుగు గంటలకల్లా మూయాలి. ఇంట్లో ఇద్దరూ ఆఫీసుకు పోయేవాళ్లయితే ఉష్ణోగ్రతను బట్టి తనంతట తనే తెరుచుకునే కిటికీ రెండు వైపులా పెట్టించుకోండి. లోపల వాన పడదు కాబట్టి డ్రిప్ వేసుకోండి.

పంట అమ్ముకునే ఉద్దేశముంటే అమెరికా వ్యవసాయ శాఖలో నేల, నీటి సంరక్షణ చూసే ఎన్‌ఆర్‌సీఎస్ వాళ్లు హై టన్నెళ్లకు (హూప్‌హౌస్‌లనే అలా అంటారు) ఆర్థిక సాయం చేస్తారు. 2009 డిసెంబరులో ప్రకటించిన పథకం అది. మంజూరు కాకముందే కట్టడం మొదలుపెడితే ఆ సాయం పోతుంది. పెరటి కోసమే అయినా కాలనీ సంఘం నిబంధనలు, ఊరి పర్మిట్ చూసుకున్నాకే కిట్‌కు ఆర్డరివ్వండి. గుంతలు తీసే ముందు 811కు ఫోన్ చేయండి. భూమిలో గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టిపోతారు. అంతవరకూ గడ్డపార ముట్టొద్దు.