కేమలాక్‌లోనే క్రాష్ ఎందుకు?

ప్రశ్న: సార్, లినక్స్‌లో నేర్చుకోడానికి చిన్న బ్లాక్ డ్రైవర్ (డిస్క్‌లాంటి వాటిని నడిపే కోడ్) రాశా, పెద్ద ఫైల్ కాపీ చేస్తుంటే కెర్నల్ ఆగిపోతోంది, ప్రతిసారీ కేమలాక్‌లోనే (కెర్నల్‌లో మెమరీ ఇచ్చే ఫంక్షన్), అదీ వేరే ఎవరో పిలిచినప్పుడు. తప్పు అక్కడిదేనా?

జవాబు: కాదు తమ్ముడూ, కేమలాక్ పాపం బలైంది అంతే. ముందెప్పుడో ఎవరో ఫ్రీ చేసిన మెమరీలో రాసేశారు, అక్కడుండే ఫ్రీలిస్ట్ పాయింటర్ (తర్వాతి ఖాళీ ముక్క ఎక్కడుందో చెప్పేది) చెడింది, తర్వాత మెమరీ అడిగినోడి దగ్గర పేలింది. నేనైతే ముందు నీ కంప్లీషన్ కోడే (ఐఓ, అంటే డిస్క్ చదవడం-రాయడం, పూర్తయ్యాక నడిచేది) అనుమానిస్తా, బయో అంటే ఒక ఐఓ రిక్వెస్ట్, అది అయిపోయిందని చెప్పే బయో ఎండ్ఐఓ పిలిచాక ఆ బయోని మళ్ళీ ముట్టుకుంటున్నావేమో చూడు, ఆ క్షణం నుంచి అది నీది కాదు, సైజ్ లెక్క కావాలంటే ముందే లోకల్ వేరియబుల్‌లో దాచుకో.

ఊహలొద్దు, కేఏశాన్ (మెమరీ తప్పులు పట్టే కెర్నల్ సాధనం) ఆన్ చేసి కెర్నల్ బిల్డ్ చెయ్, 2015లో 4.0 వెర్షన్ నుంచీ ఉంది, ఎవరు ఫ్రీ చేశారో ఎవరు ముట్టుకున్నారో రెండు స్టాక్‌లూ (ఏ ఫంక్షన్ ఏది పిలిచిందో ఆ వరస) చూపిస్తుంది. బరువనిపిస్తే స్లబ్ డీబగ్ (కెర్నల్ మెమరీ అలకేటర్ చెకింగ్) ఆన్ చేసి బూట్ చెయ్, పాయిజనింగ్ (ఫ్రీ చేసిన మెమరీని గుర్తు బైట్లతో నింపడం) ఉంటే ఫ్రీ అయిన మెమరీ 6బి బైట్లతో నిండుతుంది, ఊప్స్ (కెర్నల్ క్రాష్ రిపోర్ట్) రిజిస్టర్లలో 6బి6బి6బి వరసగా కనిపిస్తే దాదాపు దొరికినట్టే.

ఇంకోటి, ఐఓ దారిలో మెమరీ అడిగేటప్పుడు జీఎఫ్‌పీ కెర్నల్ అనే ఫ్లాగ్ వాడకు, జీఎఫ్‌పీ నోఐఓ (మెమరీ కోసం కొత్త ఐఓ మొదలెట్టొద్దని చెప్పేది) వాడు, లేకపోతే మెమరీ తక్కువైనప్పుడు కెర్నల్ పేజీలు డిస్క్‌కి రాయాలని మళ్ళీ నీ డ్రైవర్ కోసమే చూస్తుంది, ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగిపోతారు.