‘గ్యాసే’ అనుకునే ముందు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం పొట్ట గురించే. అందరి సందేహమూ ఒకటే: ఇది ఇంట్లో చూసుకునేదా, ఆసుపత్రికి పరుగెత్తాల్సిందా? నొప్పి ఎంత గట్టిగా ఉందన్నదానికన్నా అది ఎలా మారుతోంది, దాని వెంట ఇంకేం వచ్చాయి అన్నవే మాకు ఎక్కువ చెబుతాయి. జవాబుల్లో పదే పదే వాటినే అడగడం మీరు గమనిస్తారు.

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు, చాలాకాలంగా షుగర్ ఉంది. నెల రోజులుగా భోజనం చేసి నాలుగడుగులు వేయగానే రొమ్ము ఎముక కింద పట్టేసినట్టు ఉంటోందట. కాసేపు నిలబడితే తగ్గిపోతోంది. గ్యాస్ అంటూ సోడా తాగుతున్నారు. తేన్పు వస్తే హాయిగా ఉందంటున్నారు. ఇంకెన్నాళ్లు చూడాలి?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇక చూడకండి. రేపు పొద్దున్నే ఈసీజీ తీసే చోటుకు తీసుకెళ్లండి. ఈలోగా నొప్పి కూర్చున్నప్పుడు కూడా వస్తే రేపటిదాకా కూడా ఆగవద్దు.

మీ ఉత్తరంలో అసలు సంగతి ‘నడవగానే’, ‘నిలబడితే’ అనే రెండు మాటల్లో ఉంది. కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నితే వచ్చే మంట సాధారణంగా తిన్నాక పడుకున్నప్పుడో వంగినప్పుడో పెరుగుతుంది. గొంతులోకి పుల్లటి నీళ్లు వస్తాయి. నడకతో వచ్చి, ఆగిన రెండు మూడు నిమిషాల్లో తగ్గే పట్టు మాత్రం గుండెకు రక్తం చాలడం లేదని అనుమానించాల్సినది. భోజనం తర్వాత ఇది ఇంకా తొందరగా బయటపడుతుంది. ఎందుకంటే అరుగుదల కోసం పేగులకు రక్తం పంపే పని కూడా అప్పుడు గుండె మీదే పడుతుంది.

రెండూ ఒకేలా ఎందుకు అనిపిస్తాయంటే, గుండె కింది భాగం ఆనుకుని ఉండే పొరకు ఆ పక్కనే జీర్ణాశయం ఉంటుంది. రెండింటి నుంచి వచ్చే నరాలు వెన్నుపాములో దగ్గర దగ్గరగానే చేరతాయి. అందుకే గుండె కింది గోడకు పోటు వస్తే పైపొట్టలో నొప్పి, వాంతి, ఎక్కిళ్లు కనబడవచ్చు. షుగర్ ఎక్కువ కాలం ఉన్నవాళ్లలో నరాలు మొద్దుబారి నొప్పి సగమే తెలుస్తుంది. ఆయాసం, చెమట, నీరసం తప్ప ఇంకేమీ ఉండకపోవచ్చు. సోడాకో తేన్పుకో తగ్గిందంటే అది గ్యాసేనని రుజువు కాదు. గుండెనొప్పి దానంతటదే వచ్చి పోతుంటుంది. తగ్గే సమయానికి సోడా తాగి ఉంటే ఆ పేరు సోడాకు దక్కుతుంది.

కూర్చున్నా తగ్గకుండా పట్టు పావుగంట దాటితే, చల్లటి చెమటలు పడితే, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకితే వెంటనే 108కి ఫోన్ చేయండి. బైకు మీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లకండి. దారిలో గుండె ఆగితే మీరేం చేయగలరు? ఆసుపత్రికి చేరిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి, మీరే అడగండి. మొదటి ఈసీజీ మామూలుగా ఉందని ఇంటికి పంపేస్తామంటే, గుండె కండరం దెబ్బతిన్నదేమో చూపే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేశారా, కొన్ని గంటలాగి మళ్లీ చేస్తారా అని కూడా అడగండి. ఇలా అడగడం డాక్టర్ని తప్పుపట్టినట్టు కాదు. గుండెపోటు మొదలైన తొలి గంటల్లో రెండు పరీక్షలూ మామూలుగా కనబడే అవకాశం ఉంది.

ప్రశ్న: మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు నెలన్నరగా వేసుకుంటున్నాను. రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలూ వాడుతున్నాను. మూడు రోజులుగా మలం నల్లగా వస్తోంది. ఐరన్ వల్లేనని పక్కింటావిడ అంటున్నారు.
— ఒక సోదరి, కర్నూలు

జవాబు: ఐరన్ వల్ల కూడా మలం నల్లబడుతుంది. అందుకే ఈ ఉత్తరం మమ్మల్ని ఎక్కువ కంగారుపెట్టింది, అసలు ప్రమాదం, అంటే లోపల రక్తం కారడం, ఆ మాట చాటున దాక్కోగలదు.

రెండింటికీ తేడా కంటితో, ముక్కుతో చాలావరకు తెలుస్తుంది. ఐరన్ మలం నలుపులో ఆకుపచ్చ కలిసినట్టు ఉంటుంది, మామూలుగా గట్టిగానే వస్తుంది, వాసన పెద్దగా మారదు. లోపల రక్తం కారితే మలం రోడ్డు వేసే తారులా ఉంటుంది: నిగనిగలాడే నలుపు, జిగట. మగ్గుతో నీళ్లు కొట్టినా బేసిన్‌ను అంటుకుని ఒకపట్టాన పోదు. వాసన మరీ భరించరానిదిగా ఉంటుంది. తడి తెల్లకాగితంతో అద్దితే అంచుల్లో ఎర్రటి ఛాయ కనబడవచ్చు. జీర్ణాశయంలోనో దాని కింది చిన్నపేగు మొదట్లోనో కారిన రక్తం ఆమ్లంతో, పేగుల్లోని బాక్టీరియాతో కలిసి ఈ రంగుకు మారుతుంది. 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంటే ఒక టీగ్లాసు రక్తం చాలు దీనికి.

మాత్రల స్ట్రిప్పు తిప్పి పేరు చదవండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రాక్సెన్, వీటిలో ఏది ఉన్నా ఈ రోజుతో ఆపేయండి. జీర్ణాశయం తన గోడను ఆమ్లం నుంచి కాపాడుకోవడానికి ఒక జిగురుపొర తయారు చేసుకుంటుంది. ఆ పొరకు ఆదేశమిచ్చే రసాయనాన్నే ఈ మందులు తగ్గిస్తాయి. కాబట్టి ‘తిన్నాకే వేసుకుంటున్నాను’ అన్నంత మాత్రాన పుండు పడకుండా ఉండదు. హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి ముందే ఉన్నవాళ్లకూ, స్టెరాయిడ్ కలిసిన మాత్రలు మింగేవాళ్లకూ ముప్పు మరింత ఎక్కువ. ఒకటి గుర్తుంచుకోవాలి: గుండెకు స్టెంట్ వేయించుకుని ఆస్పిరిన్ వాడేవాళ్లు మాత్రం సొంతంగా ఆపకూడదు, అదే రోజు డాక్టర్‌తో మాట్లాడాలి.

మలం తారులా ఉందనిపిస్తే ఇవాళే ఎండోస్కోపీ (గొట్టం కెమెరాతో జీర్ణాశయంలోకి చూసే పరీక్ష) ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. దారిలో ఏమీ తినకండి, తాగకండి. స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకెళ్లండి. లేచి నిలబడితే కళ్లు తిరగడం, నాడి నిమిషానికి 100 దాటి పరుగెత్తడం, కాఫీ పొడి కలిపినట్టు వాంతి, వీటిలో ఏది కనిపించినా 108 పిలవాల్సిందే. ఇంకో సంగతి. మొదటి రోజు హిమోగ్లోబిన్ చూసి ‘బాగానే ఉంది కదా’ అని తిరిగి రాకండి. రక్తం కారినప్పుడు కణాలూ నీరూ కలిసే పోతాయి, నిష్పత్తి వెంటనే మారదు. ఒంట్లోని నీరు రక్తనాళాల్లోకి చేరాక, దాదాపు ఒక రోజు గడిచాక, అసలు లెక్క బయటపడుతుంది.

మలం గట్టిగా, వాసన లేకుండా ఉండి మీకు నీరసం కూడా లేకపోతే ఐరన్ వల్లే కావచ్చు. అయినా ఈ వారంలో డాక్టర్‌కు చూపించండి. రక్తం ఎందుకు తగ్గిందో తేల్చకుండా ఐరన్ మింగుతూ పోవడం సరికాదు.

ప్రశ్న: 14 నెలల బాబుకు నిన్నటి నుంచి నీళ్ల విరేచనాలు. ఓఆర్‌ఎస్ ఎంత ఇవ్వాలి? కక్కేస్తున్నాడు.
— ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ప్రతి విరేచనానికీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంటే అర టీగ్లాసు నుంచి ఒక టీగ్లాసు వరకు. గ్లాసుతో పట్టించకండి, కక్కేస్తాడు. నిమిషానికో చెంచా చొప్పున ఇవ్వండి. కక్కితే పది నిమిషాలాగి ఇంకా మెల్లగా మొదలుపెట్టండి. తల్లిపాలు, అన్నం, పెరుగు మానకండి.

కలపడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. లీటరు ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. గ్లాసెడు నీళ్లలో ‘కొంచెం పొడి’ వేస్తే లవణం ఎంత పడిందో తెలియదు. చిక్కనైతే పేగులోకి నీరు లాగి విరేచనాలు పెంచుతుంది, రక్తంలో ఉప్పు శాతం పెంచుతుంది. పల్చనైతే ఉపయోగం తగ్గుతుంది. పంచదార, ఉప్పు తగిన పాళ్లలో కలిస్తేనే పేగు గోడ నీటిని పీల్చుకుంటుంది. కలిపిన నీళ్లు 24 గంటల్లో వాడేయండి. 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లు కొంటే ఈ బెడదే ఉండదు.

టెట్రా ప్యాక్‌లో తియ్యగా దొరికే పండ్లరసం లాంటివి ఓఆర్‌ఎస్ కాదు, చక్కెర ఎక్కువై విరేచనాలు పెంచుతాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇలాంటి పానీయాలపై ‘ఓఆర్‌ఎస్’ అనే పేరు వాడరాదని ఆదేశించింది. ఆమెకు తల్లులంతా రుణపడి ఉన్నారు. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి. దీంతోపాటు జింక్ 20 మిల్లీగ్రాములు రోజుకొకసారి, 14 రోజులు ఇవ్వాలి. విరేచనాలు ఆగినా మధ్యలో మానకూడదు. మోషన్స్ ఆపే లోపరమైడ్ మాత్రలు పిల్లలకు పొరపాటున కూడా ఇవ్వకండి.

ఆరు గంటలుగా మూత్రం లేకపోతే, కళ్లు గుంటలు పడితే, పొట్ట చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే వెనక్కి నెమ్మదిగా వెళితే, చెంచా నీళ్లు కూడా నిలవకపోతే, మత్తుగా ఉంటే రాత్రయినా వెళ్లాలి. మలంలో రక్తం కనిపిస్తే కూడా. ఆగి ఆగి కాళ్లు ముడుచుకుని గట్టిగా ఏడుస్తూ, మధ్యలో ప్రశాంతంగా ఉంటూ, ఎర్రటి జామ్‌లాంటి మలం వస్తుంటే పేగులో పేగు చొచ్చుకుపోయి ఉండవచ్చు. దానికి గంటలే లెక్క.

ప్రశ్న: మలంతోపాటు ఎర్రటి రక్తం చుక్కలు పడుతున్నాయి. పైల్స్ అని తెలిసిన విషయమే, సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. — హన్మకొండ పాఠకుడు, 39

జవాబు: నొప్పిలేకుండా విరేచనం అయ్యాక చుక్కలు చుక్కలుగా పడితే మొలలు, బ్లేడుతో కోసినట్టు నొప్పి ఉంటే ఫిషర్ (మలద్వారం దగ్గర చీలిక) కావడానికే అవకాశం ఎక్కువ. అయితే ఆ మాట పరీక్షించిన డాక్టర్ చెప్పాలి. వేలితో చేసే పరీక్ష రెండు నిమిషాలు కూడా పట్టదు, దాన్ని తప్పించుకుని క్రీము రాసుకుంటూ కూర్చోకండి. రక్తం మలంలో కలిసి వస్తున్నా, మలవిసర్జన అలవాటు మారి మూడు నాలుగు వారాలైనా, వెళ్లొచ్చాక కూడా ఇంకా పోవాలనిపిస్తున్నా, బరువు తగ్గుతున్నా, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా కొలనోస్కోపీ (కెమెరాతో పెద్దపేగులోకి చూసే పరీక్ష) గురించి అడగాలి.

ప్రశ్న: 13 ఏళ్ల మా వాడికి పొద్దున బొడ్డు దగ్గర నొప్పి మొదలైంది, ఇప్పుడు కుడివైపు అంటున్నాడు. అత్తగారు ఆముదం పట్టమంటున్నారు. — రాజమహేంద్రవరం నుంచి ఒక గృహిణి

జవాబు: ఆముదం వద్దు. అత్తయ్యగారికి కారణం చెప్పి ఒప్పించండి: అపెండిక్స్ వాచి ఉంటే పేగులను బలవంతంగా కదిలించడం వల్ల అది పగలవచ్చు. బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటల్లో కుడివైపు కిందికి దిగే నొప్పి అపెండిసైటిస్‌లో పదే పదే చూసే వరస. ఆకలి పోతుంది, నొప్పి తర్వాత వాంతి వస్తుంది. బాబును కుడికాలి మీద గెంతమనండి. నొప్పితో గెంతలేకపోతే, ఆటో గుంతలో పడ్డప్పుడు పొట్ట పట్టుకుంటే ఈ రాత్రే సర్జన్‌కు చూపించాలి. నీళ్లు, తిండి ఆపేయండి. నొప్పి అకస్మాత్తుగా మాయమైతే ఊరట అనుకోవద్దు, అది పగిలినందువల్ల కావచ్చు, కాసేపటికి పొట్టంతా గట్టిపడుతుంది. స్కానింగ్‌లో అపెండిక్స్ కనబడలేదన్నా వాపు లేదని కాదు.

మగపిల్లల విషయంలో ఒకటి అడిగి తీరాలి. వృషణం మెలితిరిగితే నొప్పి పొత్తికడుపులోనే అనిపించవచ్చు. సిగ్గుతో చెప్పరు. వాపు, ఎరుపు, ముట్టుకోనివ్వనంత నొప్పి ఉన్నాయేమో వాళ్ల నాన్నగారిని అడగమనండి. నొప్పి మొదలైన ఆరు గంటల్లోపు సర్జరీ అయితే దాన్ని కాపాడే అవకాశం బాగుంటుంది.

ప్రశ్న: కామెర్లకు పసరు పోయిస్తే తగ్గుతుందంటారు. మా చెల్లెలు ఏడో నెల గర్భిణి. — ఒక సోదరుడు, పార్వతీపురం

జవాబు: హెపటైటిస్ ఎ, ఇ రకాల కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకు వస్తుంది. గర్భిణికి మాత్రం అలా వదిలేసే వీలు లేదు. హెపటైటిస్ ఇ గర్భం చివరి నెలల్లో ప్రాణం మీదికి తెస్తుంది. ఇవాళే ప్రసూతి నిపుణులున్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లి బిలిరుబిన్, ఎస్‌జీపీటీతో పాటు ఐఎన్‌ఆర్ కూడా చేయించండి. కాలేయం ఎంత పనిచేస్తోందో ఐఎన్‌ఆర్ చెబుతుంది. పగలు మత్తుగా నిద్రపోతూ రాత్రి మేలుకుని ఉండడం, పొంతనలేని మాటలు, చిగుళ్ల నుంచి రక్తం, వీటిలో ఏది కనిపించినా అప్పటికప్పుడు బయల్దేరండి. మలం తెల్లని సున్నపురంగులో ఉండి ఒళ్లంతా దురద పెడుతుంటే పిత్తనాళంలో రాయి అడ్డుపడి ఉండవచ్చు. దాంతో చలిజ్వరం కూడా కలిస్తే అదే రోజు ఆసుపత్రిలో చేర్చాలి.