అడగండి చెబుతాం: క్విబెక్‌లో ఫ్రెంచి

ప్రశ్న: కెనడాలోని క్విబెక్ రాష్ట్రాన్ని వేరే దేశం చేయాలని కోరిన 'పార్టీ కెబెక్వా' అనే పార్టీ రెండు రిఫరెండాల్లోనూ (ప్రజాభిప్రాయ సేకరణల్లోనూ) ఓడింది కదా. మరి అక్కడి ఫ్రెంచి మాట్లాడేవాళ్లకు దానివల్ల ఒరిగిందేమిటి?
– గ్రూప్స్ అభ్యర్థి, అశోక్‌నగర్

జవాబు: వేరే దేశం రాలేదు. బడి, ఉద్యోగం, బజారు మాత్రం వాళ్ల భాషలోకి వచ్చాయి. 1960ల్లో క్విబెక్ జనాభాలో అయిదింట నాలుగు వంతులు ఫ్రెంచివాళ్లే. అయినా అక్కడి పెద్ద నగరం మాంట్రియల్‌లోని పెద్ద కంపెనీల్లో పైకి ఎదగాలంటే ఇంగ్లీషు రావాల్సిందే. వలస వచ్చినవాళ్లలో ఎక్కువమంది పిల్లల్ని ఇంగ్లీషు బళ్లలోనే వేసేవారు. 1974లో లిబరల్ ప్రభుత్వం ఫ్రెంచిని అధికార భాష చేసింది, ఇంగ్లీషు బడిలో చేరే పిల్లలకు పరీక్ష పెట్టింది. అది ఏ వర్గానికీ నచ్చలేదు.

1976 నవంబర్ 15న రెనే లెవెస్క్ నాయకత్వంలో పార్టీ కెబెక్వా గెలిచింది. మరుసటి ఆగస్టులో మంత్రి కమీ లోరాన్ తెచ్చిన ఫ్రెంచి భాషా బిల్లు (101వ బిల్లు) చట్టమైంది. అందులో అసలు బలం ఉద్యోగాల భాగానిదే. ఫ్రెంచి తప్ప మరో భాష రాదన్న కారణంతో ఎవరినీ పనిలోంచి తీసెయ్యకూడదు. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న కంపెనీ తమ పని ఫ్రెంచిలోనే సాగుతోందని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. 2025 జూన్ నుంచి 25 మంది ఉన్నా తప్పదు. దుకాణాల బోర్డులు మొదట ఒక్క ఫ్రెంచిలోనే ఉండాలన్నారు. 1988లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 1993 సవరణతో ఇతర భాషలకూ చోటిచ్చారు, ఫ్రెంచి మాత్రం కొట్టొచ్చినట్టు కనబడాలి.

నష్టమూ జరిగింది. చాలామంది ఇంగ్లీషువాళ్లు వెళ్లిపోయారు, సన్ లైఫ్ బీమా కంపెనీ 1978లో ప్రధాన కార్యాలయాన్ని టొరంటోకు మార్చుతున్నట్టు ప్రకటించింది. 1980 రిఫరెండంలో దాదాపు 60 శాతం 'వద్దు' అన్నారు. 1995లో 'వద్దు' గెలిచింది 50.58 శాతంతోనే. భాషకు చట్టం అండ దొరికాక విడిపోవాలన్న ఆరాటం కొందరిలో చల్లబడిందని మా అభిప్రాయం. దీన్ని తెలంగాణ ఉద్యమంతో కలిపి రాయకండి. ఇక్కడ అడిగింది దేశంలోనే ఒక రాష్ట్రం.

ప్రశ్న: మా అబ్బాయి మూడేళ్ల వర్క్ పర్మిట్ మీద మాంట్రియల్ వెళ్తున్నాడు. మనవరాలు రెండో తరగతి. ఇంగ్లీషు బడిలో చేర్చుకోరా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఇదీ పైన చెప్పిన 101వ బిల్లు చట్టం సంగతేనమ్మా. గ్రాంటు తీసుకునే ఇంగ్లీషు బడిలో సీటు హక్కుగా రావాలంటే, మామూలుగా తల్లిదండ్రుల్లో ఒకరు కెనడాలో ఇంగ్లీషు ప్రాథమిక విద్య చదివి ఉండాలి. హైదరాబాద్‌లో చదివిన ఇంగ్లీషు మీడియం లెక్కలోకి రాదు. తాత్కాలికంగా వెళ్లేవాళ్ల పిల్లలకు మినహాయింపు ఉంది. ఇంగ్లీషు స్కూల్ బోర్డు ద్వారా దరఖాస్తు పెట్టాలి, పాప జనన ధ్రువపత్రం, వర్క్ పర్మిట్ దగ్గర పెట్టుకోండి. ఆ చట్టాన్ని సవరించిన 2022 చట్టం ప్రకారం ఆ అనుమతి గరిష్ఠంగా మూడేళ్లే, మళ్లీ పొడిగించరు. చాలామంది చిక్కుకునేది ఇక్కడే: మూడేళ్లు ఇంగ్లీషులో చదివించి పీఆర్‌కు (శాశ్వత నివాస హోదాకు) వెళ్తారు, పాప అయిదో తరగతికి వచ్చాక ఒక్కసారిగా ఫ్రెంచి మీద పడుతుంది. అక్కడే స్థిరపడే ఆలోచన ఉంటే మొదటి రోజునుంచే ఫ్రెంచి బడిలో వేయమనండి. భాష రాని పిల్లలకు అక్కడ 'క్లాస్ దాక్యూయ్' అనే ప్రత్యేక తరగతులుంటాయి. చేర్చేటప్పుడే వాటి గురించి అడగమనండి.