ట్రాక్‌బాల్ మాట వినకపోతే ముందు ఎక్కడ చూడాలి

ఒరేయ్ చిన్నా,

నీ గేమ్ ప్యానెల్ వీడియో చూశాను, అదే, బటన్లూ జాయ్‌స్టిక్కూ చేత్తో దొర్లించే ట్రాక్‌బాల్ బంతీ ఉన్న పలక. బంతిని కుడికి దొర్లిస్తే బాణం పైకి పోతోంది, పైకి తోస్తే ఎడమకి పోతోంది, చెయ్యి తీసేసినా అప్పుడప్పుడూ ఉన్నచోటే వణుకుతోంది. నువ్వేమో మేమ్ (పాత ఆర్కేడ్ ఆటల్ని కంప్యూటర్‌లో ఆడించే ప్రోగ్రామ్) తెరిచి అందులో కనిపించిన సెట్టింగల్లా తిప్పేస్తున్నావు. ముందు ఆ పని ఆపెయ్. ఇప్పటిదాకా మార్చినవన్నీ మొదట ఎలా ఉన్నాయో అలాగే పెట్టెయ్, లేకపోతే రేపు బంతి బాగుపడ్డాక కూడా ఆటలు తిన్నగా ఆడవు, అప్పుడు తప్పు ఎక్కడుందో నీకూ తెలీదు, నాకూ తెలీదు.

కంప్యూటర్‌కి ట్రాక్‌బాల్ అంటే మామూలు మౌసే. డ్రైవర్ల గొడవ దాదాపు ఉండదు. అందుకే ఆట జోలికి వెళ్ళకముందే డెస్క్‌టాప్ మీద బాణం సరిగ్గా కదలాలి. అక్కడ సరిగ్గా లేనిది ఆటలో సెట్టింగ్ మార్చి సరిచెయ్యకు. ఒక ఆటలో అతుకు పడుతుంది, ఇంకో ఆటలో ఊడిపోతుంది. పరీక్ష చేసేటప్పుడు నీ మామూలు మౌస్ పీకి పక్కన పెట్టు, ప్యానెల్ యూఎస్‌బీ వైరు హబ్‌లో కాకుండా నేరుగా కంప్యూటర్ వెనక పోర్టులో గుచ్చు. కరెంటు చాలని హబ్బుల వల్ల మధ్యలో డిస్‌కనెక్ట్ అయి మళ్ళీ వచ్చే బంతులు చాలానే చూశాను.

లోపల ఏముందో ఒకసారి అర్థం చేసుకుంటే సగం టెన్షన్ పోతుంది. బంతి కింద లంబకోణంలో రెండు రోలర్లు ఉంటాయి, ఒకటి అడ్డం కదలికకి, ఒకటి నిలువు కదలికకి, మూడోవైపు బంతి ఆనడానికి ఒక బేరింగ్ ఉంటుంది. ఒక్కో రోలర్ చివర సన్నటి చీలికలున్న చక్రం, ఆ చక్రానికి అటొక ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, ఇటు రెండు సెన్సర్లు. చక్రం తిరుగుతుంటే వెలుతురు పడుతూ ఆగుతూ ఉంటుంది, రెండు సెన్సర్లలో ఏది ముందు మారిందో చూసి బంతి ఎటు తిరుగుతోందో, ఆ సెన్సర్ల వైర్లు వచ్చి చేరే సర్క్యూట్ బోర్డు తెలుసుకుంటుంది. కెనడా నౌకాదళం కోసం 1952లో చేసిన ట్రాక్‌బాల్‌లో బౌలింగ్ బంతి వాడారు, అందులోనూ బంతి కింద చక్రాలు తిరిగితే ఆ తిరుగుడు లెక్కపెట్టడమే పని. మౌస్ ఇంకా పుట్టని రోజులవి. కాబట్టి ఇందులో భయపడాల్సినంత మాయ ఏమీ లేదు, చేత్తో తిప్పి కంటితో చూడగలిగిన వస్తువు.

ఇప్పుడు నీ దిక్కుల సమస్య. జాగ్రత్తగా చూడు: కుడి పైకి మారింది, పైది ఎడమకి మారింది. అంటే మొత్తం కదలిక అంతా ఒకే పక్కకి పావు వంతు తిరిగింది. ఇది వైర్ల తప్పు అయ్యే అవకాశం తక్కువ, బంతి ఉన్న డబ్బానే ప్యానెల్‌లో పక్కకి తిప్పి బిగించి ఉంటారు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నావు కదా, నీకు అమ్మినాయన ఎప్పుడో శుభ్రం చెయ్యడానికి విప్పి, మళ్ళీ బిగించేటప్పుడు వైరు అందలేదని అటు తిప్పి పెట్టి ఉండొచ్చు. స్క్రూలు విప్పి డబ్బాని తొంభై డిగ్రీలు తిప్పి పెట్టు. ఏ వైపుకి తిప్పాలని నన్ను అడక్కు, ఒకవైపు పెట్టి చూడు, అన్నీ తలకిందులైతే రెండోవైపు పెట్టు. కుడీ ఎడమా, కిందా పైనా రెండూ తారుమారైతే డబ్బా సగం చుట్టు తిరిగి ఉందన్నమాట. వైరింగ్ తప్పైతే గుర్తులు వేరుగా ఉంటాయి. కుడీ ఎడమా సరిగ్గా ఉండి పైనా కిందా మాత్రమే తారుమారైతే, ఆ నిలువు రోలర్ నుంచి వచ్చే రెండు సిగ్నల్ వైర్లు ఒకదాని స్థానంలో ఇంకొకటి ఉన్నాయని అర్థం, ఆ రెండే మార్చు. కుడికి దొర్లిస్తే పైకి, పైకి దొర్లిస్తే కుడికి పోతే మాత్రం రెండు కనెక్టర్లు ఒకదాని చోట ఒకటి గుచ్చారన్నమాట. ఐదు వోల్టుల వైరు, గ్రౌండ్ వైరు ఎప్పుడూ కదపకు. వాటిని తిరగేసి పెడితే బోర్డు కాలిపోవచ్చు. రంగులు చూసి నమ్మొద్దు, ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి, మల్టీమీటర్ పెట్టి తేల్చుకో. విప్పేముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకో, ఇది మర్చిపోవద్దు.

వణుకు సంగతి వేరు. చేత్తో ముట్టుకోకపోయినా బాణం వణుకుతోందంటే చాలాసార్లు చక్రం సరిగ్గా ఒక చీలిక అంచు మీద ఆగి ఉంటుంది, టేబుల్ కదిలినా అటూ ఇటూ లెక్క పడుతుంది. అది పెద్ద జబ్బు కాదు. కానీ బంతిని దొర్లిస్తున్నా ముందుకి పోకుండా ఒక గీత అటు, ఒక గీత ఇటు కొట్టుకుంటోందంటే మాత్రం రెండు సెన్సర్లలో ఒకదాని సిగ్నల్ బోర్డుకి చేరట్లేదు. రెండోది లేకపోతే ఎటు తిరిగిందో బోర్డుకి తెలీదు, అందుకే అలా ఊగిసలాడుతుంది. వైరు వదులైందా, టంకం విరిగిందా, చక్రం చీలికల్లో దుమ్ము ఉండ కట్టిందా చూడు. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన పెట్టి, మూత తీసి పరీక్షించకు, ఆ వెలుతురుకి సెన్సర్లు తికమకపడతాయి.

ఒక దిక్కు పూర్తిగా చచ్చిపోతే ఎలా కనిపెట్టాలో కూడా చెప్తాను, ఇది నీకు ముందు ముందు బాగా పనికొస్తుంది. ప్యానెల్ వైరు పీకేసి, బోర్డు మీద అడ్డం కనెక్టర్‌ని నిలువు చోటికి, నిలువుదాన్ని అడ్డం చోటికి మార్చి మళ్ళీ పెట్టు. ఇప్పుడు తెర మీద బాణం కదలని దిక్కు కూడా మారితే తప్పు సెన్సర్‌దో దాని వైరుదో. మారకుండా అక్కడే ఉంటే తప్పు బోర్డుది. ఏ పరికరమూ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. సెన్సర్ దగ్గరే అని తేలితే ఎల్‌ఈడీ వెలుగుతోందో లేదో చూడు, అది కంటికి కనిపించదు కానీ చాలా ఫోన్ల ముందు కెమెరాలో ఊదారంగు చుక్కలా కనిపిస్తుంది. అదీ వెలుగుతుంటే మల్టీమీటర్‌ని సిగ్నల్ వైరు మీద పెట్టి చక్రాన్ని వేలితో నెమ్మదిగా తిప్పు, వోల్టేజి కిందకీ పైకీ మారుతుండాలి. మారకపోతే ఆ సెన్సర్ బోర్డు మార్చెయ్యడమే, అది విడిగా దొరుకుతుంది.

శుభ్రం చెయ్యడం గురించి కాస్త గట్టిగానే చెప్తున్నాను, ఎందుకంటే పాడైపోయింది అని నా దగ్గరికి తెచ్చే బంతుల్లో ఎక్కువ వాటికి కావలసింది ఇదే. రోలర్ల మధ్యలో బంతి తగిలే చోట నల్లటి మురికి పట్టీ కట్టి ఉంటుంది, అది గట్టిపడి గుట్టలా లేచాక బంతి గతుకుల మీద పోయినట్టు కదులుతుంది. చెక్కపుల్లతో గీకి తీసెయ్, తర్వాత ఇయర్ బడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి తుడువు. కత్తి, బ్లేడు వద్దు. రోలర్ ఇరుసుకి జుట్టు చుట్టుకుంటుంది, ముఖ్యంగా ఇంట్లో కుక్క గానీ పిల్లి గానీ ఉంటే, అది ట్వీజర్‌తో లాగెయ్. రోలర్‌ని వేలితో ఒక్క తోపు తోస్తే సద్దు లేకుండా కాసేపు తిరగాలి. గరగర మంటే బేరింగ్ అరిగిపోయింది, మార్చు, ఖరీదు తక్కువే. డబ్ల్యూడీ-40 కొట్టొద్దని ప్రత్యేకంగా చెప్తున్నాను, అప్పటికి జారినట్టే ఉంటుంది, తర్వాత ఆ జిడ్డుకి దుమ్మంతా పట్టేస్తుంది. బంతిని గోరువెచ్చటి నీళ్ళలో సబ్బుతో కడిగి బాగా ఆరబెట్టు.

బటన్ల మాట. నాలుగో బటన్ ఎప్పుడూ నొక్కినట్టే ఉంటోందన్నావు. దాని మైక్రోస్విచ్‌కి మూడు కాళ్ళుంటాయి, వైరు కామన్‌కీ, నార్మల్లీ ఓపెన్‌కీ (నొక్కినప్పుడే కలిసే కాలు) ఉండాలి. నొక్కకపోయినా కలిసే ఉండే నార్మల్లీ క్లోజ్‌డ్ కాలికి గుచ్చితే సరిగ్గా నువ్వు చెప్పినట్టే అవుతుంది. ఇంకొకటి, నీ ప్యానెల్ కీబోర్డులా పనిచేసే రకం, మేమ్‌లో మొదటి ఆటగాడి బటన్లు మామూలుగా ఎడమ కంట్రోల్, ఆల్ట్, స్పేస్, షిఫ్ట్. షిఫ్ట్ బటన్‌ని వరసగా ఐదుసార్లు కొడితే విండోస్ స్టికీ కీస్ ఆన్ చెయ్యాలా అని అడుగుతూ ఆట మధ్యలో దూరుతుంది. సెట్టింగుల్లో ఆ షార్ట్‌కట్ ఆపెయ్. జాయ్‌స్టిక్ నంబర్ ప్యాడ్ మీద ఉంటే నమ్‌లాక్ వెలుగుతోందో లేదో చూసుకో.

ఇవన్నీ అయ్యాకే మేమ్ తెరువు. దాని సెట్టింగులుండే ఐఎన్‌ఐ ఫైల్లో మౌస్ అన్న లైన్ ఎదురుగా 0 ఉంటే 1 చెయ్, లేదా ట్రాక్‌బాల్ డివైస్ అన్న చోట కీబోర్డ్ తీసేసి మౌస్ అని రాయి, అప్పుడు ట్రాక్‌బాల్ ఉన్న ఆటలకి మౌస్ దానంతటదే ఆన్ అవుతుంది. ఇంటికి ఇద్దరు ఆడే బంతి తెస్తే మల్టీమౌస్ లైన్ కూడా 1 చెయ్యాలి. విండోస్‌లో పాయింటర్ స్పీడ్ ఎంత మార్చినా మేమ్‌లో ఏమీ మారదు, అది మౌస్ నుంచి నేరుగా చదువుకుంటుంది. వేగం కావాలంటే ఆటలో ఉండగా ట్యాబ్ నొక్కి, అనలాగ్ సెట్టింగుల్లోకి వెళ్ళి సెన్సిటివిటీ మార్చు. పక్కనే కనిపించే ఇంక్రిమెంట్/డిక్రిమెంట్ స్పీడ్ (పాత వెర్షన్లలో డిజిటల్ స్పీడ్) కీబోర్డుతో ఆడేవాళ్ళకి, దాన్ని ముట్టుకోకు.

సెన్సిటివిటీ ఒక్కో ఆటకి వేరుగా పెట్టుకోవాలి, దీనికి కాస్త ఓపిక పెట్టు. 1980లో వచ్చిన మిసైల్ కమాండ్ అసలు మెషీన్‌లో బంతి నాలుగున్నర అంగుళాలు, మరుసటి ఏడాది సెంటిపీడ్‌లో రెండుంపావు. నీది మూడంగుళాలది. అందుకే ఒకే అంకె రెండింటికీ కుదరదు. మిసైల్ కమాండ్‌లో అరచేత్తో ఒక నిండు తోపుకి గురి ఒక అంచు నుంచి రెండో అంచుకి చేరాలి, అయినా మెల్లగా కదిపితే ఒక్కో చుక్కా కదలాలి. నా అభిప్రాయం అడిగితే సెంటిపీడ్‌ని కాస్త తక్కువలోనే పెట్టు, సాలీడు నుంచి తప్పించుకునేటప్పుడు వేగం కంటే ఆగడం ముఖ్యం. 1984 నాటి మార్బుల్ మ్యాడ్‌నెస్ మెషీన్‌లో బంతిని నలభై ఐదు డిగ్రీలు వాలుగా బిగించేవాళ్ళు. ఆ లెక్క మేమ్ తనే వేసుకుంటుంది, నువ్వు డబ్బా తిప్పక్కర్లేదు. మార్చిన ప్రతిసారీ ఆటలోంచి ఎస్కేప్ కొట్టి బయటికి రా, ఉన్నపళంగా కంప్యూటర్ ఆపేస్తే సేవ్ కాకపోవచ్చు.

గోల్ఫ్ ఆట గోల్డెన్ టీ ఆడతానన్నావు. దాంట్లో బంతిని అరచేత్తో బలంగా తోస్తారు, ప్యానెల్ చెక్క ఊగుతుంటే డబ్బా స్క్రూలు వదులవుతాయి. వాషర్లు వేసి బిగించు. బంతికీ పై ప్లేటుకీ మధ్య సందు వేలి చర్మం ఇరుక్కునేంత వెడల్పు ఉంటే పిల్లల్ని దగ్గరికి రానివ్వకు, ప్లేటు మార్చేదాకా.

ముందు డబ్బా తిప్పి పెట్టి, డెస్క్‌టాప్ మీద బాణం కదులుతున్న వీడియో పంపు. అప్పటికీ వణుకు తగ్గకపోతే మూత తీసి, చక్రాల దగ్గర ఫ్లాష్ వేసి ఇంకో ఫోటో తీసి పెట్టు, శనివారం ఫోన్‌లో ఇద్దరం కలిసి చూద్దాం. మల్టీమీటర్ లేకపోతే కొనకు, నా దగ్గర రెండున్నాయి, ఒకటి పంపిస్తాను.

మీ మామయ్య